మూత్రంలో ఎరుపు కనిపిస్తే ‘వేడి’ అని ఊరుకోవద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున ఇచ్చిన ప్రసంగం)



పొదుపు, రికవరీ లెక్కలు పొద్దున విన్నం. నన్ను మూత్రాశయం క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి చెప్పమన్నరు. పేరు వినంగనే వెనక వరుసల కొందరు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నరు. నవ్వండి, ఫరవాలేదు, కానీ వినండి. రొమ్ము క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ గురించి మన మీటింగుల్లో ఇప్పుడు మొహమాటం లేకుండా మాట్లాడుకుంటున్నం. ఒంటికి పోయే జాగా గురించి మాత్రం ఇంకా ఎవ్వరూ నోరు తెరవరు.

మా గ్రామ సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమెను అడిగే చెప్తున్న, పేరు మాత్రం చెప్పను. ముట్టు ఆగిపోయి ఎనిమిదేండ్లయింది. ఒకనాడు మూత్రం ఎర్రగ వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. వేడి చేసిందనుకొని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగింది. రెండు రోజుల్లో ఆగిపోయింది. నెలన్నరకు మళ్లీ వచ్చింది. మెడికల్ షాపుల మందు బిళ్లలు తెచ్చుకుంది, మళ్లీ ఆగింది. ఇట్ల ఏడు నెలలు గడిచినయి. చివరికి స్కానింగ్ చేస్తే మూత్రాశయంలో గడ్డ ఉందని తేలింది.

ఇక్కడ మనం పట్టుకోవాల్సిన విషయం ఒక్కటే. ఆ రక్తం బిళ్లలతోని ఆగలేదు, సబ్జాతోని ఆగలేదు. ఈ జబ్బులో రక్తం దానంతటదే వస్తది, దానంతటదే పోతది. నొప్పి కూడా మొదట్లో ఉండదు. అందుకే మనం మోసపోతం. ఆగింది కదా అని దవాఖానకు పోము. మగవాళ్లకు ఎర్రగ వస్తే కనీసం భయపడతరు. మనకైతే ముట్టు అనుకుంటం, తెల్లబట్ట అనుకుంటం, మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుంటం. ఈ జబ్బు మగవాళ్లకే ఎక్కువ వస్తది, మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కానీ ఆడవాళ్లకు వచ్చినప్పుడు చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. కారణం ఇదే.

ఎర్రగ వచ్చినదల్లా క్యాన్సర్ కాదు. బీట్‌రూట్ తింటే ఎర్రగ రావచ్చు. టీబీ మందులు వాడేవాళ్లకు నారింజ రంగులో వస్తది. ఇన్ఫెక్షన్‌తోని, కిడ్నీలో రాళ్లతోని కూడా రక్తం రావచ్చు. ఏదనేది తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు. మొదట మూత్ర పరీక్ష, తర్వాత స్కానింగ్. అవసరమైతే మూత్రం వచ్చే దారిలోంచి సన్నని గొట్టం కెమెరా పంపి లోపల చూస్తరు. దాన్ని సిస్టోస్కోపీ అంటరు. ఇన్ఫెక్షన్ అని మందు ఇస్తే కోర్సు పూర్తి చేసి, మళ్లీ మూత్ర పరీక్ష చేయించుకోండి. అప్పుడు కూడా రక్తం ఉందంటే పెద్ద దవాఖానకు రాయమని మీరే అడగండి.

ఇప్పుడు కారణం చెప్తా. మన మండలంలో చాట ముందర పెట్టుకొని బీడీలు చేసేవాళ్లం చాలామందిమి ఉన్నం. బీడీలు చేస్తే ఈ క్యాన్సర్ వస్తదని నేను చెప్తలేను. తాగేవాళ్ల గురించి చెప్తున్న. పొగ ఊపిరితిత్తులకు కదా పోయేది, మూత్రాశయానికి ఏం సంబంధం అని మా మరిది కూడా అడిగిండు. పొగలో ఉన్న విషం రక్తంలో కలుస్తది. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలోకి పంపుతయి. ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలో నిలువ ఉంటది. బిందెలో మురికి నీళ్లు నిలువ ఉంటే అడుగు పాడైనట్టు, లోపలి పొర పాడైతది. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి కారణం పొగే. బీడీ అయినా, సిగరెట్ అయినా, చుట్ట అయినా అంతే. మానేస్తే ఏండ్లు గడిచే కొద్దీ ప్రమాదం తగ్గుతుంది. రంగుల ఫ్యాక్టరీల్లో, రబ్బరు పనిలో రసాయనాలు ముట్టుకునేవాళ్లకు కూడా ప్రమాదం ఉంది. 1895లోనే జర్మనీలో రెన్ అనే డాక్టరు రంగుల ఫ్యాక్టరీ కూలీలలో దీన్ని గుర్తించిండు. మన ఊళ్ల నుంచి అటువంటి పనులకు పోయినవాళ్లు ఉంటే ఈ మాట వాళ్లకు చెప్పండి.

వైద్యం ఉంది. పది మందిలో ఏడుగురికి ఇది లోపలి పొరలోనే ఉండగా దొరుకుతుంది. అప్పుడు పొట్ట కోయకుండానే, మూత్రం దారిలోంచి గడ్డను గీకి తీస్తరు. కొందరికి తర్వాత వారానికోసారి, ఆరు వారాలు మూత్రాశయంలోకి మందు ఎక్కిస్తరు. ఆ మందు ఏందో తెలుసా? మన పిల్లలు పుట్టంగనే భుజానికి వేసే బీసీజీయే. నాకైతే ఇది విని ఆశ్చర్యమైంది. జబ్బు కండలోకి దిగితే మాత్రం చాలామందికి మూత్రాశయమే తీసేయాల్సి వస్తది, కీమో, రేడియేషన్ కూడా ఉంటయి. మా పెద్దమ్మకు అదృష్టం కొద్దీ అంత దూరం పోలేదు. కానీ ఈ జబ్బు తిరిగి వచ్చే గుణం ఉన్నది. మొదట్లో మూడు నెలలకోసారి కెమెరా పరీక్ష తప్పదు. బాగైంది కదా, బస్సు చార్జీలు దండుగ అని మానొద్దు. ఆ చార్జీలకు సంఘంలో అంతర్గత అప్పు తీసుకున్నా నేను తప్పు అనను.

ఇగ ప్రోస్టేట్. ఇది మగవాళ్లకే ఉంటది. మూత్రాశయం కింద, మూత్రం దారి చుట్టూ, పెద్ద ఉసిరికాయంత గ్రంథి. వయసు మీద పడితే చాలామందికి పెరుగుతుంది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నగ రావడం, ఆగి ఆగి రావడం ఇవన్నీ దానివల్లే. ఎక్కువమందికి అది మామూలు పెరుగుదలే, క్యాన్సర్ కాదు. క్యాన్సరైతే మొదట్లో ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. ముదిరినంక నడుము నొప్పి, ఎముకల నొప్పి వస్తది. ఏండ్లపాటు నడుముకు జండూబామ్ రాసుకుంటూ కూర్చునే పెద్దమనుషులు మన ఇండ్లల్ల లేరా?

ఆయన రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నడో ఆయనకంటే మనకే ఎక్కువ తెలుసు. యాభై దాటినవాళ్లుంటే పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష గురించి డాక్టరును అడగమనండి. తండ్రికో, అన్నదమ్ములకో వచ్చి ఉంటే ఇంకా ముందే, నలభై ఐదుకే అడగాలె. పీఎస్‌ఏ ఎక్కువ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, వాపు ఉన్నా పెరుగుతుంది. ముక్క తీసి పరీక్ష చేస్తేనే ఖాయం. కొందరికి అది ఎంత నెమ్మదిగా పెరుగుతదంటే, ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకొని ఉంటే చాలు అంటరు. ముదిరినవాళ్లకు మగ హార్మోను తగ్గించే మందు ఇస్తరు, లేదా వృషణాలు తీసేస్తరు. ఇక్కడే మగవాళ్లు దవాఖాన నుంచి పారిపోతరు. మగతనం పోతదని భయం. ఆ భయం నిజమైనదే, దాన్ని ఎగతాళి చేయొద్దు. పక్కన కూర్చొని డాక్టరును మనమే అడగాలె.

ఫలానా కాయ తింటే, ఫలానా కషాయం తాగితే ఈ రెండూ రావని ఎవరన్నా అమ్మితే డబ్బులు ఇయ్యకండి.

క్యాన్సర్ వైద్యం ఆరోగ్యశ్రీలో ఉంది. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుదే. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకొని పోండి.

ఆరోగ్య ఉపసంఘం తరఫున ఒక తీర్మానం పెడుతున్న: ప్రతి గ్రామ సంఘం నెలవారీ సమావేశంలో ఆరోగ్యం అంశం వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరికన్నా మూత్రంలో రక్తం వచ్చిందా అని ఒక ప్రశ్న అడగాలె. జవాబు అందరి ముందు చెప్పనక్కర లేదు, ఆశా అక్క చెవిలో చెప్తే చాలు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఏఎన్‌ఎం మేడం భోజనాలైనంక పక్క గదిలో కూర్చుంటరు, అడిగేది ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పోయి అడగండి.