మీటరు పక్కన ఇంకో గడి
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన చోట కారు మీటరు గురించి మాట్లాడుతున్నందుకు మన్నించాలి. మనలో చాలామంది ఇళ్ళముందు పిల్లలు వదిలివెళ్ళిన కార్లున్నాయి. అవి స్కందగిరి గుడికి, మోండా మార్కెట్టుకు, ఆసుపత్రికి తప్ప కదలవు. ప్రీమియం మాత్రం ఏటా పూర్తిగా కడుతున్నాం.

బండి బీమాలో రెండు భాగాలు. ఎదుటివారికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా. ఇది చట్టప్రకారం తప్పనిసరి, తక్కువ తిరిగితే తగ్గేది కాదు. రెండోది మన బండికి జరిగే నష్టానికి. ఈ రెండో భాగంలో ‘ఎంత తిరిగితే అంత’ అనే పద్ధతిని బీమా నియంత్రణ సంస్థ 2022 జూలైలో అనుమతించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లలోపేనని ఒప్పుకుంటే ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. నేను 5,000 కిలోమీటర్లకు తీసుకున్నాను. పాత అలవాటుకొద్దీ ఒక నోటుబుక్కు కూడా పెట్టాను.

ఆ అలవాటు సంగతి చెప్పాలి. ఉద్యోగంలో కొన్నేళ్ళు ఆఫీసు జీపు లాగ్ బుక్కు నేనే రాశాను. తేదీ, వెళ్ళేటప్పటి రీడింగు, వచ్చినప్పటి రీడింగు, ప్రయాణ కారణం, సంతకం. ఒకసారి పై అధికారి ఇంటివాళ్ళు జీపులో పెళ్ళికి వెళ్ళారు. ఆయన చెప్పినట్టే ‘తనిఖీ నిమిత్తం’ అని రాశాను. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు. అధికారికి బదిలీ అయింది. నాకు మెమో వచ్చింది. డబ్బు రికవరీ మాత్రం డ్రైవరు జీతంలోంచి జరిగింది. అతనికి ముగ్గురు ఆడపిల్లలు. నేను నోరు విప్పలేదు. ఆ మాట ఈ వేదిక మీద ఇవాళే చెబుతున్నాను.

పోయిన ఏడాది మా మనవడు స్నేహితులతో చెన్నై వెళ్తానని కారు తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు రీడింగు 18,412. వచ్చాక 19,790. ముందు బంపరు పగిలి, ఒక దీపం పోయి ఉంది. నెల్లూరు దగ్గర డివైడరు తగిలిందన్నాడు. రాత్రి భోజనాల దగ్గర నిజం చెప్పాడు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మోటారు పందేల ట్రాకు ఉంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. అక్కడ ఇరవై చుట్లు వేశాడట, మలుపులో అదుపు తప్పిందట.

“తాతయ్యా, మీటరుకు ఏం తెలుస్తుంది? రోడ్డు మీదే తగిలిందని క్లెయిము ఫారంలో రాసెయ్యండి” అన్నాడు.

వాడన్నది నిజమే. యాదగిరిగుట్టకు వెళ్ళిన కిలోమీటరూ, ట్రాకు మీద తిరిగిన కిలోమీటరూ మీటరులో ఒక్కలాగే కనిపిస్తాయి. ఎంత తిరిగిందో మీటరు చెబుతుంది. ఎందుకు తిరిగిందో మనమే చెప్పాలి. కానీ మన మామూలు కారు పాలసీలో పందేలకు, వేగ పరీక్షలకు వాడితే బీమా వర్తించదని స్పష్టంగా ఉంటుంది.

వాడికి ఆ డ్రైవరు కథ చెప్పాను. వాడు మారు మాట్లాడలేదు. క్లెయిము పెట్టలేదు. మరమ్మతుకు నేను పెట్టిన డబ్బు వాడు తన జీతంలోంచి నాలుగు నెలల్లో తీర్చాడు. నోటుబుక్కులో ఆ రోజు ‘ట్రాకు’ అని వాడి చేతనే రాయించాను.

చివరగా నా మనవి. పాలసీ మొదలైన రోజు, ముగిసే రోజు మీటరు ఫోటో తీసి తేదీతో దాచండి. నెలకోసారి రీడింగు రాయండి. సర్వీసింగు బిల్లుల మీద రీడింగు ఉంటుంది, పారేయకండి. మీటరు మార్పిస్తే ఆ బిల్లుతో కంపెనీకి తెలపండి. హద్దు దాటేలా ఉంటే ముందే అడగండి, కొన్ని పాలసీల్లో అదనపు కిలోమీటర్లు కొనుక్కోవచ్చు. పిల్లలకు బండి ఇచ్చేటప్పుడు ఎక్కడికని అడిగి ఇవ్వండి.

ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి బతికున్నామని నిరూపించుకుంటున్నాం. రీడింగు పక్కన ‘ఎందుకు’ అనే గడి కూడా నిజంగా నింపుదాం. సెలవు.