కుదించిన బొమ్మ – కోల్పోయిన రంగు



మా సిద్దిపేట ప్రాంతమున చేర్యాల నకాషీల పటములను ఎఱుగనివారు అరుదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి ఆరనిచ్చి, ఎఱ్ఱని నేలపై కులపురాణములను వరుస గళ్ళలో చిత్రింతురు. కథకులు ఆ పటమును వ్రేలాడదీసి, కోలతో చూపుచు కథ చెప్పుదురు.

అట్టి కథాగానమునొకదానిని మా మనుమడు సెల్‌ఫోనుతో చిత్రించి బంధువులకు పంపెను. వారు మఱికొందఱికి పంపిరి. ఫోనులో చోటు చాలదని అతడు మొదటి ప్రతిని చెఱిపివేసెను. మరుసటి వానకాలమున ఆ కథకుని ఇంటికప్పు కారి పటము చెడిపోయెను. "సారూ, మీ తాన మా పటం బొమ్మ ఉన్నదంట గద" అని అతడు వచ్చినప్పుడు, పలు చేతులు మారి మరలివచ్చిన ప్రతిని చూపితిమి. ఎఱ్ఱని నేల పెంకులు పేర్చినట్లు గళ్ళుగళ్ళుగా నుండెను. కనుబొమల గీత లేదు. అంచులోని పూలు ఎఱుపులో కలిసిపోయినవి. అతడు కొంతసేపు చూచి, "గిది మా పటం గాదు సారూ" అనెను. నాకు నోట మాట రాలేదు.

ఇట్లేల జరిగెను? తెరమీది బొమ్మ చుక్కల కూర్పు. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న చిత్రమునకు, చుక్కకు 3 బైట్లు, సెకనుకు 25 చిత్రముల చొప్పున, ఒక్క నిమిషమునకు సుమారు 933 కోట్ల బైట్లగును. దానిని ఒక కోటిలో ఇమిడ్చి పంపవలెనన్న, 933 పాళ్ళలో ఒక పాలే మిగులవలెను. అందులకు యంత్రము మూడు ఉపాయములు పన్నును.

మొదటిది రంగును తగ్గించుట. మన కన్ను వెలుగునీడల సూక్ష్మభేదమును పట్టినట్లు రంగుల భేదమును పట్టజాలదు. ముగ్గులో గీత వంకరపోయిన వెంటనే కనబడును. నింపిన రంగు కొంచెము అంచు దాటినను కన్ను క్షమించును. కావున వెలుగును ప్రతి చుక్కకును, రంగును నాలుగు చుక్కలకొకటిగను దాతురు. ఇంతమాత్రముననే సగము భారము తగ్గును. కాని చిక్కని ఎఱుపులో, రంగుభేదము చేతనే తెలియవలసిన గీత అలుకుకొనిపోవును.

రెండవది, బొమ్మను గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిని పెద్దచిన్న అలల మొత్తముగా లెక్కించి, చిన్న అలలను విడుచుట. ఈ గణితమును 1974లో నసీర్ అహమ్మద్, నటరాజన్, కె. ఆర్. రావు గారలు ప్రకటించిరి. నేటి పద్ధతులలో పెక్కింటికి అదియే మూలము. విడిచినది మితిమీరినచో గడికి గడికి పొత్తు కుదరక అంచులు బయటపడును.

మూడవది, వెనుకటి చిత్రముకంటె మారినదానినే వ్రాసికొనుట. పూర్వము పట్వారి మారిన పట్టాలను మాత్రమే దిద్దుకొనినట్లు, కోల కదలినచోటనే క్రొత్తలెక్క వ్రాయుదురు. ఆ లెక్కకును చోటు చాలనిచో కోల వెనుక మరకలు నిలుచును.

ఇవి దోషములు కావు. దూరదేశమున నున్న బిడ్డ ముఖమును మనము చూడగలుగుట వీనివలననే. అతియే దోషము. పండితుడు గ్రంథమునకు సంగ్రహము వ్రాసిన కథ నిలుచును. ఆ సంగ్రహమునకు మఱల సంగ్రహము వ్రాయుచుపోయిన పాత్రల పేర్లు మాత్రమే మిగులును. చేతులు మారునపుడు మరల మరల కుదింపబడిన బొమ్మ గతియు నిదియే. పోయినదానిని యంత్రము ఊహించి నింపగలదు. కాని ఊహ సాక్ష్యము కాదు.

కావున పెద్దలు మీ ఇంటి పిల్లలకు ఈ మాట చెప్పుడు. పాతపటమును, ముదుసలి పాటను చిత్రించునపుడు పగటి వెలుతురున, ఫోనును కదలనీయక చిత్రింపవలెను. పటములోని గడిగడికిని వేఱుగా నిలుకడ బొమ్మ తీయవలెను. పంపునపుడు వీడియోగా గాక డాక్యుమెంటుగా పంపవలెను, లేదా పెన్‌డ్రైవులో ఈయవలెను. మొదటి ప్రతిని రెండు చోట్ల దాచినపిదపగాని ఫోనునుండి చెఱుపరాదు.

కుదించిన ప్రతి చూచుటకు చాలును, దాచుటకు చాలదు. ఈ భేదము నేను ఆలస్యముగా నేర్చితిని. మీరు ముందుగా నేర్చినచో ఆ కథకునికి నేను పడిన ఋణము కొంత తీఱును.

సెలవు.