హాజరు పుస్తకంలో పేర్లు రాయించండి

ఈరోజు పట్టాలు తీసుకుని సివిల్ ఇంజినీర్లుగా బయటికి వెళుతున్న మీ అందరికీ నేను చెప్పాలనుకుని వచ్చింది ఒక్కటే, అది కూలి డబ్బుల సంగతి.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో హైదరాబాద్‌లో స్లాబు వేసే రోజున తెల్లారకముందే కాంక్రీటు కలిపే మిల్లర్ మోత మొదలయ్యేది. ఆడవాళ్లు వరుసగా నిలబడి తట్టలు పైకి అందించేవారు. వాళ్లలో చాలామంది పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. ఇప్పుడు రెడీమిక్స్ లారీ వస్తుంది, పంపు కాంక్రీటును పై అంతస్తులకు తోసేస్తుంది. నడుములు విరిగే చాకిరీ తగ్గినందుకు నాకు సంతోషమే. కానీ తట్టతో పాటు ఆ ఆడవాళ్ల పని కూడా పోయింది. మిగిలిన రాడ్ బెండింగ్, సెంట్రింగ్, టైల్స్ పనులు మనం వాళ్లకు నేర్పలేదు. ఇప్పుడు ఆ పనులకు ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ కుర్రాళ్లు వస్తున్నారు.

వాళ్లు ఇంత దూరం ఎందుకొస్తారో రిజర్వు బ్యాంకు అంకెల్లో రాష్ట్రాల మధ్య తేడా చూస్తే తెలుస్తుంది. 2022-23లో గ్రామాల్లో మగ నిర్మాణ కార్మికుడి సగటు రోజుకూలి కేరళలో 852 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 278. దేశం మొత్తానికి 393. కూలి ఎక్కువున్న చోటికి మనిషి వెళతాడు. అయితే, రేటు పెరిగినంత మాత్రాన ఆ డబ్బు చేతికి అందుతుందని అనుకోకండి. కంపెనీ కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద లేబర్ కాంట్రాక్టరు, ఆ కింద గుంపు మేస్త్రీ. అడ్వాన్సు కోతలు పోగా మిగిలింది కార్మికుడికి. మొగుడూ పెళ్లాలు జంటగా పనిచేస్తే చాలాచోట్ల ఇద్దరి కూలీ మొగుడి చేతికే వెళుతుంది. ఆమె ఎంత సంపాదించిందో ఏ కాగితం మీదా ఉండదు.

ఒక పెద్ద పనిలో నేను ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు వారాల తరబడి కూలి పడలేదని కార్మికులు వచ్చి నిలదీశారు. హాజరు పుస్తకం తెప్పించాను. అందులో మేస్త్రీ పేరు ఉంది, పక్కన 'ప్లస్ 22' అని ఉంది. ఆ ఇరవై ఇద్దరూ ఎవరు? ఆడవాళ్లెందరు? ఎవరికెంత బాకీ? ఎవరూ చెప్పలేకపోయారు. పేర్లన్నీ రాసి, ఎవరి కూలి వాళ్లకు ఇచ్చేదాకా కాంట్రాక్టరు బిల్లు మీద సంతకం పెట్టనన్నాను. పైనుంచి ఫోన్లు వచ్చాయి, పని ఆగుతుందన్నారు. పని ఆగలేదు. కూలి పడింది.

కొలతలు రాసే ఎం-బుక్కులో కొలత అంగుళం తేడా వస్తే మీరు ఒప్పుకోరు. కాంక్రీటు క్యూబు ఏడో రోజున ఎంత బలం చూపిందో రాస్తారు, ఇరవై ఎనిమిదో రోజున ఎంతో రాస్తారు. ఆ కాంక్రీటు పోసిన మనిషి పేరు మాత్రం రాయరు. సిమెంటు బస్తాల లెక్క తెలిసిన ఇంజినీరుకు మనుషుల లెక్క తెలియకపోతే ఎలా?

పేరు లేకపోతే ఏమవుతుందో 2020లో కరోనా వచ్చినప్పుడు చూశాం. ఏప్రిల్ చివర్లో సంగారెడ్డి జిల్లా కందిలో నిర్మాణ కార్మికులు బకాయిలు ఇవ్వమని, ఇళ్లకు పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో రైలు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి రైలు అదే. అలా ఊళ్లకు వెళ్లిన వాళ్లలో పేరు ఎక్కడా లేనివాళ్లు తమ బాకీని ఏ కాగితం చూపించి అడగాలి?

పేరు లేకపోతే పోయేది కూలి ఒక్కటే కాదు. 1996 చట్టంతో మొదలైన పద్ధతిలో నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి సెస్సుగా వసూలవుతుంది. దేశంలో 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ సంక్షేమం అందే కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. అంత డబ్బు ఉన్నా, ఆ రుజువు లేనివాళ్లకు అందులో రూపాయి రాదు. ఆ రుజువు పుట్టాల్సిన చోటు మీ సైటు ఆఫీసే. కూలి పంచేటప్పుడు అసలు యజమాని ప్రతినిధి దగ్గరుండి ధ్రువీకరించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. ఈ చట్టాలు ఇప్పుడు కార్మిక కోడ్‌లుగా మారినా, కాంట్రాక్టరు ఎగవేస్తే కూలి చెల్లించాల్సిన బాధ్యత అసలు యజమానిదే. సైటు మీద ఆ యజమాని తరఫున నిలబడేది మీరే.

అందుకని అడుగుతున్నాను. మీ సైట్లో ప్రతి మనిషి పేరూ, ఊరూ పుస్తకంలోకి ఎక్కించండి. ఆడమనిషి కూలి ఆమె పేరుతోనే, ఆమె ఖాతాలోనే పడాలని పట్టుబట్టండి. 90 రోజుల కాగితం కోసం ఎవరైనా వస్తే రేపు రమ్మనకండి, అప్పుడే సంతకం పెట్టి ఇవ్వండి. మీ మొదటి జీతం పడిన రోజున, సైట్లో ఇంకా ఎవరికి కూలి పడలేదో కనుక్కోండి.

ఉద్యోగానికి ముప్పేమోనని భయం వేస్తుంది, అది నాకు తెలుసు. ఒక్కరే అడిగితే పొగరంటారు. ఈ ఏడు పట్టా తీసుకున్న మీరంతా అడిగితే అదే పద్ధతి అవుతుంది. ఆ పద్ధతి మీతోనే మొదలుకావాలని ఆశీర్వదిస్తున్నాను.