చిల్లిగవ్వ విలువ



పోర్టులో ఇంజనీరు కదా, క్రేన్ల గురించి మాట్లాడతాడని కార్యదర్శిగారు అనుకుని ఉంటారు. నేను గవ్వ గురించి చెబుతాను. అష్టాచెమ్మా ఆడనివాళ్లు ఈ హాల్లో ఉండరు. అయినా అదొక సముద్రపు నత్త ఇల్లని ఆడేటప్పుడు ఎవరికి తడుతుంది?

డబ్బుగా చెలామణి అయింది అంగుళం అటూ ఇటూ ఉండే పచ్చగవ్వ. బతికున్నప్పుడు ఆ నత్త తన మెత్తటి చర్మపు మడతను రెండువైపుల నుంచీ గవ్వ మీదికి కప్పుకుంటుంది. ఆ చర్మమే పొరలు పొరలుగా పూత పూస్తుంది. ఆ నునుపు అందువల్లే. పదార్థం మాత్రం మన స్టీల్‌ప్లాంటుకు వచ్చే సున్నపురాయిలో ఉండేదే, కాల్షియం కార్బొనేట్.

లెక్కల మాస్టార్లకు తెలిసే ఉంటుంది. భాస్కరాచార్యుడి లీలావతిలో 20 గవ్వలు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణం, 16 పణాలు ఒక ద్రమ్మం. అంటే ద్రమ్మానికి 1,280 గవ్వలు. దొంగ గవ్వ చేయడం గిట్టుబాటు కాదు, త్వరగా అరగదు కూడా. మంచి నాణేనికి ఇంకేం కావాలి!

ఈ గవ్వలు ఎక్కువగా మాల్దీవుల నుంచి వచ్చేవి. 14వ శతాబ్దంలో అక్కడ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, బెంగాల్ బియ్యానికి బదులు గవ్వలిచ్చేవారని రాశాడు. బంగారు దీనారుకు 4 లక్షలు, ఒక్కోసారి 12 లక్షలు. తర్వాత యూరప్ ఓడలు వీటిని బ్యాలస్ట్‌గా అడుగున నింపుకుపోయేవి. ఇప్పుడు మా పోర్టుకొచ్చే ఓడలకు బ్యాలస్ట్ అంటే నీళ్లే. యూరప్ చేరిన ఆ గవ్వలు పశ్చిమాఫ్రికాకు వెళ్లాయి. అక్కడ వాటితో మనుషులనే కొన్నారు.

మన పొరుగు ఒడిశా సంగతి వినండి. 1803లో ఆ ప్రాంతం చేజిక్కాక, కంపెనీవారు శిస్తు వెండిలోనే కట్టమన్నారు. రైతు చేతిలో ఉన్నవి గవ్వలు. మార్చుకోబోతే వాటి ధర పడిపోయింది. భూములు పోయాయి. 1817లో ఖుర్దా పైకాల తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇదొకటి. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ రైతు దగ్గర గవ్వలున్నాయి, శిస్తుకే చెల్లలేదు.

చివరగా ఒక మనవి. బడి సైన్సు ల్యాబుకు గవ్వలు కొనిస్తామని కొందరు మిత్రులు ముందుకొచ్చారు, సంతోషం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గవ్వకు ఎండకీ ఇసుక రాపిడికీ వన్నె తగ్గుతుంది. దుకాణంలో అద్దంలా మెరిసేది చాలావరకు బతికున్న నత్తను పట్టి తీసిందే. పైగా కొన్ని రకాల గవ్వలను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కింద చేర్చారు. అందుకని కొనకండి. భీమిలి ఇసుకలో పిల్లలతో కలిసి నాలుగు ఏరుకు రండి, పాలిపోయినవైనా సరే.