పెద్దరికం వహించిన నటుడు: గుమ్మడి వెంకటేశ్వరరావు

మాదాపురంలోని సైబర్ టవర్స్‌కూ ఫిలింనగర్‌కూ మధ్య దూరం కొద్ది మైళ్ళు మాత్రమే. ఒకచోట కంప్యూటర్ల పని, మరొకచోట వేషాల పని. ఈనాడు ఈ రెండు పనులూ క్రమంగా ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. పడుచువానిని వృద్ధునిగా, వృద్ధుని పడుచువానిగా తెరపై చూపే విద్య నేడు కంప్యూటరు ముందు కూర్చున్న యువతీయువకుల చేతికి వచ్చినది. ఇటువంటి రోజులలో, ఏ యంత్రసహాయమూ లేకుండా, ముప్ఫై యేళ్ళు నిండకముందే తెలుగువారందరిచేత పెద్దమనిషి అనిపించుకొన్న ఒక నటుని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం ఉచితమని మేము తలచాము. ఆయన కీర్తిశేషులు గుమ్మడి వెంకటేశ్వరరావుగారు.

గుమ్మడివారు 1927 జూలై 9వ తేదీన తెనాలి ప్రాంతంలోని రావికంపాడు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. హైస్కూలులో చదువుకొనే రోజులలో ‘పేద రైతు’ అనే నాటకంలో ఆయన వేసిన తొలి వేషమే ఒక ముసలి రైతు వేషం. తరువాతి జీవితమంతా ఏ దారిన నడవబోతున్నదో ఆ వేషమే ముందుగా సూచించినది కాబోలు. 1950లో ‘అదృష్టదీపుడు’ చిత్రంతో ఆయన వెండితెరకు వచ్చారు. ఎన్.టి. రామారావుగారి సొంత సంస్థ నిర్మించిన ‘పిచ్చిపుల్లయ్య’, ‘తోడు దొంగలు’ చిత్రాలు ఆయనకు నటుడుగా నిలదొక్కుకొనే అవకాశాన్ని ఇచ్చాయి.

1955లో పి. పుల్లయ్యగారు దర్శకత్వం వహించిన ‘అర్ధాంగి’ విడుదలైనది. అందులో గుమ్మడివారు జమీందారు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆయన కుమారుడు. శాంతకుమారిగారు ఆయన భార్య. నిజజీవితంలో ఆ కుమారుడు తండ్రికంటె దాదాపు మూడేళ్ళు పెద్ద. భార్య భర్తకంటె ఏడేళ్ళు పెద్ద. తండ్రికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అయినా చూచినవారెవరికీ ఈ లెక్క తట్టలేదు.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఈ తారుమారు ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. కథలో అందరికంటె పెద్ద బలరాముడు. ఆయన తమ్ముడు శ్రీకృష్ణుడు. వారికంటె ఒక తరం చిన్నవాడు ఘటోత్కచుడు. నటుల వయస్సులు చూడండి: ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావుగారు 1918లో జన్మించారు. శ్రీకృష్ణుడైన రామారావుగారు 1923లో. బలరాముడైన గుమ్మడివారు 1927లో. కథలోని వరుస నిజంలో సరిగా తలక్రిందులైనది. అల్లుడు కాబోయే అభిమన్యునిగా నటించిన నాగేశ్వరరావుగారు కూడా మామగారికంటె పెద్దవారే.

ఇది ఎట్లా సాధ్యమైనది? నెరసిన జుట్టు, మీసం, ఉత్తరీయం ఏ నటునికైనా దొరుకుతవి. రేడియో నాటకాలతో నిత్యం పని ఉన్న మాకు ఒక సంగతి బాగా తెలుసు. వృద్ధుని పాత్ర ఇవ్వగానే కొత్త నటుడు గొంతు వణికిస్తాడు, మాటకు ముందొక దగ్గు, వెనుకొక దగ్గు చేరుస్తాడు. శ్రోతకు వృద్ధుడు కనిపించడు, వృద్ధుని అనుకరిస్తున్న పడుచువాడు వినిపిస్తాడు. గుమ్మడివారు ఈ దారిన పోలేదు. ఆయన గొంతు మెత్తనిది. ఆయన దానిని పెంచలేదు, వణికించలేదు. మాటకూ మాటకూ నడుమ కొంత వ్యవధి ఇచ్చారు. ఎదుటివాడు చెప్పినది విని, మనస్సులో తూచి, పిమ్మట బదులు చెప్పే మనిషిగా కనిపించారు. ఇంట్లో పెద్దవాడు అంటే తొందర లేనివాడు. ఆ తొందరలేనితనమే ఆయన ధరించిన అసలు వేషం.

బలరాముని పాత్రనే తీసుకొందాము. దుర్యోధనుడూ శకునీ చేసే పొగడ్తకు ఆయన పొంగిపోతాడు. భార్య రేవతి మాటకు తలవంచుతాడు. తమ్ముని తంత్రం ఆయనకు అంతుపట్టదు. ఈ పాత్రను మూర్ఖునిగా నటిస్తే నవ్వు వస్తుందిగాని కథ కూలిపోతుంది. గుమ్మడివారి బలరాముడు మోసపోతున్నప్పుడు కూడా గౌరవం కోల్పోడు. మంచివాడు కనుక నమ్మినాడు అని మనకు తోస్తుంది. చుట్టూ ఉన్న మాయ అంతా నిలబడినది ఆ నమ్మకం మీదనే.

అయితే ఈ పెద్దరికానికి ఆయన చెల్లించిన మూల్యం లేకపోలేదు. నాయకుడు తెరపై యువకునిగా కనబడాలంటే ప్రక్కన ఒక తండ్రి, ఒక అన్న, ఒక మామ ఉండాలి. 1959లో ‘ఇల్లరికం’ వచ్చేసరికి గుమ్మడివారు నాగేశ్వరరావుగారికి మామగారు. ఆ తరువాత రెండు దశాబ్దాలు నాయకులు నాయకులుగానే ఉండిపోయారు. వారికంటె చిన్నవాడైన ఈయన మాత్రం తండ్రిగానే ఉండిపోయారు. ఐదు వందలకు పైగా చిత్రాలలో నటించిన ఈ మనిషి, తన యౌవనాన్ని తెరపై తాను అనుభవించక ఇతరులకు ధారపోశారంటే అతిశయోక్తి కాదు.

ఆ దారిలో ఆయనకు దక్కిన గొప్ప ఫలం 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’. రామారావుగారు శ్రీకృష్ణదేవరాయలు, గుమ్మడివారు రాయలకు పితృతుల్యుడైన మంత్రి. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్ళు. కన్నకొడుకువలె చూచుకొన్న రాజే అనుమానించి కళ్ళు తీయించగా, ఆ వృద్ధుడు చీకటిలో నిలబడవలసి వచ్చినది. సినిమా నటునికి కళ్ళే ప్రధాన సాధనం. అవి లేనప్పుడు మిగిలేవి నిలకడ, మాట. మా రేడియో నటులకు ఉన్న సామగ్రి కూడా దాదాపు అంతే. ఆ కొద్ది సామగ్రితోనే గుమ్మడివారు ఒక సామ్రాజ్యపు పశ్చాత్తాపాన్ని మనచేత అనుభవింపజేశారు. ఆ చిత్రానికి ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం లభించినది.

ఇటువంటి నటుడు హాలీవుడ్‌లోనూ ఒకడు ఉన్నాడు. 1894లో జన్మించిన వాల్టర్ బ్రెన్నన్ ఒక ప్రమాదంలో పళ్ళు పోగొట్టుకొని, ఆ నష్టాన్నే వృత్తికి పెట్టుబడిగా మార్చుకొని, నలభైల వయస్సులోనే ముసలివారి వేషాలకు ప్రసిద్ధుడైనాడు. 1936వ సంవత్సరపు చిత్రాలతో ఆస్కార్ సంఘం సహాయనటులకు ప్రత్యేక బహుమానం ఏర్పాటు చేయగా, దానిని మొదట అందుకొన్నవాడు ఆయనే. 1938, 1940 సంవత్సరాల చిత్రాలకు మరల రెండుసార్లు అందుకొన్నాడు. మన జాతీయ చలనచిత్ర పురస్కారాలలో సహాయనటునికి బహుమానం 1984వ సంవత్సరపు చిత్రాలతో మాత్రమే మొదలైనది. అప్పటికి గుమ్మడివారు ముప్ఫై నాలుగేళ్ళుగా నటిస్తూ ఉన్నారు. 1977లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించిన మాట నిజమే. కాని ఆయన చేసే పనికంటూ ఒక పేరు, ఒక పీట మన దేశంలో ఆలస్యంగా ఏర్పడినవి. ఆయన తన ఆత్మకథకు ‘తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు’ అని పేరు పెట్టుకొన్నారు. ఆ రెండు రుచులూ ఈ వృత్తికి సహజమైనవే.

చిత్రపరిశ్రమ మదరాసునుంచి తరలివచ్చిన తరువాత గుమ్మడివారి చివరి కాలం హైదరాబాదులో గడిచినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఈ నగరం కంప్యూటర్ల నగరంగా పేరు తెచ్చుకొన్నది. నలుపు తెలుపుల ‘మాయాబజార్’కు రంగులు అద్దినది కూడా ఈ నగరపు సాంకేతిక సంస్థయే. ఆ రంగుల ప్రతిని గుమ్మడివారు ముందుగా చూడగలిగారు. దానిని చూచేదాకా బ్రతికి ఉండడం తన అదృష్టమని సంతోషించారు. 2010 జనవరి 26వ తేదీన ఆయన కన్నుమూశారు. 30వ తేదీన ఆ చిత్రం థియేటర్లకు వచ్చినది.

యంత్రం బలరాముని పట్టువస్త్రానికి రంగు ఇచ్చినది, కిరీటానికి మెరుపు ఇచ్చినది. ఆయన నిలుచున్న తీరులోని పెద్దరికం మాత్రం 1957లోనే సిద్ధంగా ఉన్నది. సాంకేతిక నగరంలో వేషాల పని చేస్తున్న యువకులకు మా మనవి ఒక్కటే. ముఖానికి ముడుతలు చేర్చేముందు ‘మాయాబజార్’ను ఒకసారి చూడండి. ఘటోత్కచుని ఆర్భాటం నుంచీ శ్రీకృష్ణుని చిరునవ్వు నుంచీ చూపు కొంచెం ప్రక్కకు మరల్చి, ఇతరులు మాట్లాడుతున్నంతసేపూ బలరాముడు ఎట్లా వింటున్నాడో గమనించండి.