మణికట్టు గడియారం - కాయకష్టం లెక్క

గద్వాల గుంట మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడు స్మార్ట్‌వాచ్ ధరిస్తే, అందులోని యాక్సిలరోమీటర్, అనగా కదలిక వేగంలోని మార్పును పసిగట్టే పరికరం, పేక నూలును నడిపే నాడెను ఆడించే చేతి ఊపును అడుగులుగా పొరబడవచ్చును. గుంటలో చెక్కలు తొక్కే పాదాల శ్రమ మాత్రం దానికి అందదు. వనపర్తి చేలల్లో వేరుశనగ పీకే చేతులకూ ఇదే చిక్కు కనుక, అడుగుల సంఖ్య కన్నా గుండె వేగమే శ్రమకు దగ్గరి కొలమానం. చర్మంలోకి ఆకుపచ్చని కాంతిని పంపి, రక్తప్రవాహాన్ని బట్టి మారే దాని ప్రతిఫలనంతో గడియారం నాడిని లెక్కిస్తుంది. పట్టీ వదులైతే ఆ లెక్క తప్పుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల అడవిలో సలేశ్వరం జాతరకు నడిచేవారికి, ఉపగ్రహ సంకేతాలతో దూరాన్ని కొలిచే జీపీఎస్ ఎంతో ఉపయోగకరమే గాని, అది బ్యాటరీని త్వరగా ఖర్చు చేస్తుంది, లోయల్లో తడబడుతుంది. ఛాతీనొప్పి వచ్చినప్పుడు మాత్రం తెర మీది అంకెలు బాగున్నాయని ఆగక, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.