వ్యాయామము – మేధస్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు వచ్చువానికి ఆటస్థలముతో పనిలేదనియు, ఆటలాడువానికి చదువబ్బదనియు మన పల్లెలలో నొక భావము వేరూనియున్నది. పరీక్షలు సమీపింపగానే పిల్లల ఆటలు మాన్పించుట పరిపాటి. ఇది సరియా యని విచారింపవలసియున్నది.

మన ఓరుగల్లుసీమ యీ రెంటిని వేరుచేయలేదు. కాకతీయ గణపతిదేవుని గజసేనానియైన జాయపసేనాని 13వ శతాబ్దమున నృత్తరత్నావళిని రచించెను. కత్తిపట్టిన చేయియే గంటమును పట్టినది. అందు వర్ణితమైన పేరణిని 20వ శతాబ్దమున నటరాజ రామకృష్ణగారు పునరుద్ధరించిరి. 1213లో వెలసిన రామప్పగుడి శిల్పములు వారికి దారిచూపినవి. పేరణి నర్తకుడు చెమటోడ్చుచునే తాళము తప్పక లెక్కించుకొనవలెను. దేహము శ్రమించువేళ మెదడు నిద్రించుట లేదు.

మెదడు బరువు దేహపు బరువులో నూటికి 2 పాళ్లే. అయినను విశ్రాంతివేళ దేహము వ్యయపరచు శక్తిలో నూటికి సుమారు 20 పాళ్లు అదియే గైకొనును. శ్రమ హెచ్చిన కొలది మెదడునకు రక్తప్రవాహము హెచ్చును. అయితే గరిష్ఠశక్తిలో నూటికి సుమారు 60 పాళ్ల వరకే యీ పెరుగుదల. అది దాటి రొప్పసాగినచో రక్తమందలి బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడులోని రక్తనాళములు ముడుచుకొని, ప్రవాహము వెనుకంజ వేయును. కాలుసేతుల నాడించు భాగములు పనిచేయుచునే యుండును గాని, నుదుటివెనుకనుండి ఆలోచించి నిర్ణయించు భాగము మందగింపవచ్చును. ప్రాణముపెట్టి పరుగెత్తువానిని లెక్కలడిగిన తడబడుట వింతకాదు.

బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, ఊపిరి నోటికి వచ్చుటయే ఆ సగమునకు గురుతనియు సుశ్రుతసంహిత చెప్పుచున్నది. మాటలాడగలిగియు పాటపాడలేకుండుట మధ్యమ వ్యాయామమునకు లక్షణమని నేటి వైద్యులు చెప్పుదురు. రెండును దగ్గరి మాటలే.

2011లో అమెరికాయందు ప్రకటితమైన పరిశోధనలో 120 మంది వృద్ధులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టువారిని ఏడాదిపాటు నడిపించిరి. జ్ఞాపకశక్తికి ఆధారమైన మెదడుభాగము వీరిలో నూటికి 2 పాళ్లు పెరిగినది. ఒళ్లు సాగదీయుటతో సరిపెట్టిన రెండవ జట్టులో తగ్గినది.

కావున పరీక్షల దినములలోను పిల్లల ఆట మాన్పింపవలదు. సైన్యమునకు, పోలీసుకొలువునకు పరుగు సాధనచేయు యువకులు ఒక్కనాడే బలమంతయు వెచ్చింపక క్రమముగా పెంచుకొనవలెను. గుండెజబ్బు గలవారు వైద్యుని సలహాతోనే పూనుకొనవలెను. పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమ వ్యాయామము వలయునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. దినమునకు ఇరువదిరెండు నిమిషములు చాలును. చందాదారులు గ్రంథాలయమునకు వాహనముపై రాక వడివడిగా నడచివచ్చినచో, పుస్తకము తెరువకముందే మెదడునకు కొంత మేలు చేకూరును.

స్వస్తి.